తిరుగు ప్రయాణం ఎవరి ఖర్చు?

పెండ్లి బరాతులు, జాతరలు, గణపతి నిమజ్జనాలు, పెద్దవయసువారి అంతిమయాత్రలు మొదలైన సందర్భాల్లో ఊదే వాద్యాలనూ కొట్టే వాద్యాలనూ జతచేసి నడుస్తూ వాయించే బృందాన్ని బ్యాండు మేళం అంటారు. క్లారినెట్, ట్రంపెట్, యుఫోనియం, ఒంటికి చుట్టుకొని భుజాన మోసే సూసాఫోన్ ఊదే వాద్యాలు కాగా, మెడకు తగిలించుకొనే సైడ్ డ్రమ్ము, పొట్టమీద మోసే పెద్ద డ్రమ్ము, తాళాలు కొట్టే వాద్యాలు. ఇటీవల వీటికి తోడుగా ట్రాలీ మీద జనరేటరు, స్పీకరు పెట్టెలు, జనం క్యాషియో అని పిలిచే కీబోర్డు చేరాయి. ఆంగ్లేయుల సైనిక కవాతు సంగీతంలో పుట్టి, సంస్థానాల దర్బారుల మీదుగా పెండ్లి పందిళ్లకు చేరిన ఈ మేళానికి వాద్యాలు అందించే ప్రధాన కేంద్రం నేటికీ మీరట్ నగరమే. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. కింది సంవాదం జరిగే వనపర్తి ప్రాంతానికి సైనిక సంగీతంతో మరొక దారిలో కూడా చుట్టరికం ఉంది. వనపర్తి సంస్థానాధీశులు పోషించిన ఆఫ్రికా సంతతి సిద్దీల అశ్వదళం కాలక్రమంలో నిజాం సైన్యంలో కలిసిపోగా, హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అనే పేటకు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరే స్థిరపడింది. ఆ సైనికుల సంతతివారు నిలబెట్టిన మర్ఫా వాద్యం నగరపు బరాతుల్లో ఇప్పటికీ మోగుతున్నది.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరిన కొత్తకోట, హైదరాబాదు నుంచి కర్నూలుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. వనపర్తి, ఆత్మకూరు, పెబ్బేరు, గద్వాల వైపులకు అక్కడి నుంచి సులువుగా పోవచ్చు గనుక, మేళం నడిపేవారికి అది అనువైన మకాం. అయితే పాలమూరు అని పిలిచే ఈ పాత జిల్లా నేలలో బాటకు మరొక చరిత్ర కూడా ఉంది. వానలు తప్పిన ఏళ్లలో ఇక్కడి కుటుంబాలు గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టల పనికీ, కాలువల తవ్వకానికీ, నగరాల్లో భవన నిర్మాణానికీ తరతరాలుగా వలస పోయాయి. గుంపు మేస్త్రి అంటే కూలీలను కూడగట్టి, ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి, పనిచోటుకు తీసుకుపోయే మధ్యవర్తి. అటువంటి సీమలో, రాత్రికొక ఊరు తిరిగి వాయించే వాద్యకారుడిది పర్యటనా, వలసా అన్న ప్రశ్న ఊరికే పుట్టినది కాదు.

ఆ ప్రశ్న మీద సాగే ఈ సంవాదంలో ఒక పక్షం మేనమామది. అతడు క్లారినెట్ వాయిస్తూ మేళాన్ని నడిపే బ్యాండు మేస్త్రి. రెండవ పక్షం మేనల్లుడిది. అతడు మేళంతో కొన్నేళ్లు క్యాషియో వాయిస్తూ తిరిగి, ఇప్పుడు కొత్తకోటలోని ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చొని జానపద గీతాలకు సంగీతం కూర్చి ఇస్తున్నాడు. ఇద్దరూ కల్పిత పాత్రలే గాని వారి మాటల్లోని వృత్తి కల్పితం కాదు. కాలం ఆషాఢమాసం, అంటే పెండ్లిళ్లు జరగని నెల. మేళానికి పని లేదు గనుక వాదానికి తీరిక దొరికింది.

మేనమామ: అల్లుడా, కూలికి పోయేవాడు వాన పడక పోతాడు, మేళగాడు ముహూర్తం కుదిరి పోతాడు, ఒకడిని కరువు తరుముతుంది, మరొకడిని పెండ్లివారు ఇంటికి వచ్చి, తాంబూలంలో బయానా పెట్టి పిలుచుకొని పోతారు. బయానా అంటే మాట ఖాయమైనందుకు ముందుగా ఇచ్చే సొమ్ము. పిలవని చోటికి బ్యాండు పోదు, పిలిచిన చోట బ్యాండు రాక మునుపు వరుడు గడప దాటడు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం తగదు.

మేనల్లుడు: బయానా మేస్త్రి చేతికి వస్తుంది మామా, వాయించేవాడి చేతికి కాదు. వాయించేవాడికి అందేది మూఢాల్లో మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు. గురువు గాని శుక్రుడు గాని సూర్యుడికి మరీ దగ్గరై కంటికి కనిపించకుండా పోయే రోజులను మూఢమంటారు, అప్పుడు శుభకార్యాలు నిలిచిపోతాయి. దానికి ఆషాఢం, భాద్రపదం, పుష్యం తోడైతే ఏడాదిలో నెలల తరబడి బాకా పెట్టెలోనే ఉంటుంది. ఆ నెలల్లో బియ్యానికీ, పిల్లల ఫీజులకూ మేస్త్రి దగ్గర చెయ్యి చాచిన ట్రంపెటువాడు మాఘమాసం వచ్చేసరికి మరొక మేళానికి పోలేడు, కూలి పెంచమని అడగలేడు. గుంపు మేస్త్రి కూలీని కట్టివేసే తాడు కూడా ఇదే కదా.

ఈ పోలిక మేస్త్రికి రుచించలేదు. అయినా అతడు దానిని కాదనలేదు. అడ్వాన్సు ఇవ్వని మేస్త్రికి పండుగ నాటికి మనుషులు మిగలరనీ, ఇచ్చిన సొమ్మంతా తిరిగి వచ్చిన ఏడు కూడా లేదనీ, మేస్త్రి సైతం వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చే ఇస్తాడనీ అతడి సమాధానం. ఇందులో నిజముంది. ముహూర్తాలను నిర్ణయించేది పంచాంగం. ఒక మంచి లగ్నం పడిన రాత్రి ఆ చుట్టుపక్కల పదిళ్లలో పెండ్లిళ్లు ఉంటాయి, మరునాటి నుంచి రెండు వారాలు ఒక్కటీ ఉండదు. ఏ వ్యాపారమైనా గిరాకీ ఎక్కువైనప్పుడు సరుకు నిల్వచేసి అమ్ముకుంటుంది గాని, రాత్రి పదిగంటల బరాతును నిల్వచేసే ఉపాయం ఎవరికీ తెలియదు. అందువల్ల మేస్త్రి ఒకే మేళాన్ని రెండు పార్టీలుగా చీల్చి, చాలని చోట కొత్తవాళ్లతో నింపుతాడు.

మేనల్లుడు: ఆ కొత్తవాళ్లలో కొందరికి ఊదడమే రాదు మామా. కోటు తొడిగి, టోపీ పెట్టి, చేతికి యుఫోనియం ఇచ్చి, బుగ్గలు ఉబ్బించి నడవమంటారు. లెక్కకు పదహారు మంది, నాదానికి తొమ్మిది మంది. పెండ్లివారు తలకింతని డబ్బిస్తారు గనుక ఈ ఏర్పాటు నడుస్తున్నది. దీనిని సంగీతకారుల పర్యటన అంటే వినేవాళ్లు నవ్వరా?

మేనమామ: ఊదని బాకా పట్టినవాడే మూడో ఏట ఊదుతాడు. గురువు ముందు కూర్చొని సరళీ వరుసలు నేర్చుకొనే అవకాశం ఈ ఇండ్లలో ఎవరికి దొరికింది? డప్పు మాదిగల ఇండ్లలో, సన్నాయి నాయీబ్రాహ్మణుల ఇండ్లలో తండ్రి నుంచి కొడుక్కు వచ్చింది. బ్యాండు మాత్రం ఏ కులానికీ రాసి ఇచ్చినది కాదు. అందులో ముస్లిం పిల్లవాడు తాళం కొడితే మాల పిల్లవాడు ట్రంపెట్ ఊదుతాడు, మంగలి పిల్లవాడు క్లారినెట్ పడతాడు. ఒకడి వేళ్లను మరొకడు చూసి నేర్చుకొనే ఈ బడికి గోడలు లేవు, బాటే దాని తరగతి గది. ఆత్మకూరులో అడిగే పాట ఒకటి, తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోతే అడిగే పాట మరొకటి; పీర్ల పండుగకు కొట్టే దరువు పెండ్లిలో పనికిరాదు, పెండ్లి దరువు కురుమూర్తి జాతరలో ఉద్దాల ఊరేగింపుకు చాలదు. ఇంట్లో కూర్చున్నవాడికి ఈ తేడాలు చెవికెక్కవు.

కురుమూర్తి జాతర మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో దీపావళి తరువాత కార్తీకంలో జరుగుతుంది. ఉద్దాలు అంటే స్వామివారి పాదుకలు, వాటిని చిన్నవడ్డెమాన్ గ్రామంలో తయారుచేసి ఊరేగింపుగా కొండకు తెస్తారు. మేస్త్రి దీనిని ఉదాహరణగా ఎంచుకోవడంలో నేర్పు ఉంది. పెండ్లిలో మేళం వరుడి బంధువుల కాళ్ల వేగానికి లొంగుతుంది, జాతరలో వేల మంది అడుగుల వేగానికి లొంగుతుంది. లయను ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో గుంపును చూసి గ్రహించే విద్య స్వరం రాసిన కాగితంలో దొరకదు. అల్లుడు ఈ మాటను ఖండించకుండా, విషయాన్ని శ్రుతి వైపు మళ్లించాడు.

మేనల్లుడు: లయ సంగతి ఒప్పుకోవచ్చు మామా, శ్రుతి మాటేమిటి? వైశాఖంలో పగలంతా డీసీఎం వ్యాను మీద ఎండకు కాలిన ట్రంపెట్లను సాయంత్రం తీసి ఊదితే, గొట్టంలోని గాలి వేడికి శ్రుతి పైకి జరుగుతుంది. ట్రంపెటువాడు శ్రుతి గొట్టాన్ని బయటికి లాగుతాడు, క్లారినెటువాడు మూతి కింది ముక్కను కాస్త ఎడంగా జరుపుతాడు. ఎంత జరిపినా ఇత్తడి ఒక తీరుగా, కొయ్య మరొక తీరుగా మారుతుంది గనుక రెండూ కలవవు. క్యాషియో విద్యుత్తుతో మోగేది, ఎండకు దాని శ్రుతి మారదు. ఆ మూడింటినీ ఒకే స్పీకరులో కలిపి గల్లీ గోడలకు కొడితే వచ్చేది సంగీతమని ఎవరు అంటారు? ఇంట్లో అదే క్లారినెట్‌ను చల్లని గదిలో, మంచి రెల్లుపట్టీతో ఊదితే వినేవాడి కన్ను చెమరుస్తుంది. ఆ చేతికి బాట చేస్తున్న మేలేమిటి?

రెల్లుపట్టీ అంటే క్లారినెట్ మూతికి బిగించే పలుచని రెల్లుముక్క, జనం రీడ్ అంటారు. నాదం పుట్టేది దాని కంపనంలోనే. పాలమూరు ఎండగాలికి అది ఎండి వంకరపోతుంది, నాలుకతో తడిపితే నాలుగు పాటలకు నిలుస్తుంది, దుమ్ము పడితే అదీ ఉండదు. పెండ్లివారికి ఇవేవీ పట్టవు. మేస్త్రి మాత్రం చొక్కా జేబులో నాలుగు రెల్లుపట్టీలను అగ్గిపెట్టెలో పెట్టుకొని తిరుగుతాడు, బరాతు మధ్యలో గుర్రం బెదిరి ఊరేగింపు ఆగిన రెండు నిమిషాల్లో ఒకదాన్ని మారుస్తాడు.

మేస్త్రి ఇక్కడ ఎత్తిన ప్రతివాదం యంత్రానికి సంబంధించినది. శ్రుతి తప్పని సంగీతమే కావాలంటే డీజే పెట్టె ఉందనీ, అది ఎండకు కరగదనీ, అన్నం అడగదనీ, అందుకే బ్యాండుకు పోవలసిన బయానాలు దానికి పోతున్నాయనీ అతడు అన్నాడు. ఈ కలహం పాతదే. మేళంలో అందరికంటే బరువు మోసేవాడి భుజాన ఉండే సూసాఫోన్‌కు ఏ పేరు పెట్టారో ఆ జాన్ ఫిలిప్ సూసా, 1892 నుంచి 1931 వరకు తన కచేరీ బ్యాండుతో అమెరికా అంతటా, ఒకసారి భూగోళం చుట్టూ తిరిగాడు. గ్రామఫోను వంటి యంత్రాలు సంగీతాన్ని పాడుచేస్తాయని 1906లో పెద్ద వ్యాసమే రాశాడు. 1932 మార్చిలో, 77 ఏళ్ల వయసులో, పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో ఒక బ్యాండుతో సాధన చేయించి బసకు చేరిన రాత్రి కన్నుమూశాడు. మేస్త్రికి ఈ జీవితం ఆదర్శంగా కనిపించింది. అల్లుడు మాత్రం, సూసా బ్యాండు పేరున గ్రామఫోను పలకలు లెక్కకు మించి వచ్చాయని గుర్తు చేశాడు. యంత్రాన్ని తిట్టిన చేతితోనే దాని సొమ్ము అందుకోవడం పెద్దల నుంచి నేర్చుకోవలసిన విద్యే కదా అన్నాడు. ఇందులో ఎత్తిపొడుపు ఎక్కువ, న్యాయం తక్కువ. ఆ పలకల్లో అధికభాగానికి సూసా స్వయంగా నిర్వహణ చేయలేదు.

మేనల్లుడు: సొంత జిల్లాల సంగతే చూడు మామా. నాగర్‌కర్నూల్ వైపు 12 మెట్ల కిన్నెర పట్టుకొని ఊరూరా కథలు పాడిన మొగులయ్యను ఎన్నేళ్ల పాటు ఎవరు పట్టించుకున్నారు? 2021లో భీమ్లా నాయక్ చిత్రానికి పాడిన కొన్ని చరణాలు రికార్డయ్యాక తెలుగునాట ప్రతి ఫోనులో ఆ గొంతు మోగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. తిరిగిన తిరుగుడంతా ఇవ్వని గుర్తింపు ఒక గదిలో మైకు ముందు దొరికింది.

మేనమామ: ఆ గదిలోకి తీసుకుపోయింది ఏమిటో కూడా చెప్పు అల్లుడా. కిన్నెర డక్కలి కళాకారుల వాద్యం. గుమ్మం గుమ్మం తిరిగి, వినేవాళ్ల మొహాలు చూసి కథను పెంచి, తగ్గించి, నవ్వించి, ఏడిపించిన గొంతు గనుకనే మైకు ముందు మూడు నిమిషాల్లో అంత పలికింది. ముందునుంచీ గదిలోనే కూర్చున్న గొంతులు ఎన్ని లేవు? వాటిని పిలిచినవాడెవడు?

సంవాదం మొత్తంలో రెండు పక్షాలూ సమానంగా తూగిన చోటు ఇది ఒక్కటే. ఇద్దరూ ఒకే జీవితాన్ని సాక్ష్యంగా పిలిచి, చెరొక వాంగ్మూలం చెప్పించుకున్నారు.

ఇంటి విషయం వచ్చేసరికి మేస్త్రి స్వరం తగ్గింది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా అతడు ఇంట్లో పడుకొనేది పగలే. రాత్రి తుఫాన్ బండిలో పదిమంది కూర్చొనే చోట పద్నాలుగు మంది, కాళ్ల కింద డ్రమ్ములు, ఒళ్లో బాకాలు. బరాతు ముగిసి, ఆఖరి బంతిలో అన్నం దొరికి, మిగిలిన లెక్క కోసం పెండ్లికొడుకు బాబాయిని వెతికి పట్టుకొనేసరికి రెండు దాటుతుంది. ఆపై జాతీయ రహదారి మీద లారీల వెలుగులో నిద్రమత్తు డ్రైవరు. తెల్లవారి పిల్లలు బడికి పోయే వేళకు తండ్రి ఇల్లు చేరుతాడు. వృత్తిలో ఉన్నవారు దేనికన్నా ఎక్కువ భయపడేది ఈ తిరుగు ప్రయాణానికే. పోయేటప్పుడు పెండ్లివారి తొందర బండిని నడుపుతుంది, వచ్చేటప్పుడు ఎవరి తొందరా ఉండదు. పోను ఖర్చు బేరంలో కలుస్తుంది, రాను ఖర్చు మాత్రం మాటల్లో తేలిపోతుంది.

మేనమామ: సురభి వాళ్లకు ఈ చిక్కు రాలేదు. మీరట్‌లో బాకాల కంపెనీ పెట్టిన 1885లోనే కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజం భార్యనూ పిల్లలనూ ముసలివాళ్లనూ వెంటబెట్టుకొని తిరిగింది. పిల్లవాడు ఊయలలో ఉన్నప్పుడే రంగస్థలం ఎక్కాడు, హార్మోనియం వాయించే తాత పక్కనే నిద్రపోయాడు. బాట మీదనే ఇల్లు కట్టుకున్నారు.

మేనల్లుడు: సురభి వాళ్లు ఒక ఊళ్లో డేరా వేస్తే నెలలు ఉండేవాళ్లు మామా, బ్యాండు ఒక ఊళ్లో ఉండేది ఆరు గంటలు. భార్యాబిడ్డలను తుఫాన్ బండిలో ఏ మూల కూర్చోబెడతావు? పైగా డజన్లకొద్దీ ఉన్న సురభి సమాజాల్లో ఇప్పుడు వేళ్ల మీద లెక్కించేన్ని మిగిలాయి, వాళ్లు కూడా హైదరాబాదు శేరిలింగంపల్లిలో కాలనీ కట్టుకొని స్థిరపడ్డారు. బాట మీద కట్టుకున్న ఇల్లు చివరికి నగరంలో ప్లాటు దగ్గరే ఆగింది.

అల్లుడి మనసులో ఉన్న ప్రత్యామ్నాయం నెల జీతం. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పరచిన తెలంగాణ సాంస్కృతిక సారథి, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఆడిపాడిన 550 మంది కళాకారులకు జీతపు కొలువు ఇచ్చింది. వారూ ఊళ్లు తిరుగుతారు గాని, ఆషాఢంలో కూడా జీతం అందుతుంది. మేస్త్రి దీనిని ఒకే మాటతో తోసిపుచ్చాడు: సర్కారు జీతం తీసుకున్నవాడు సర్కారు పథకం మీద పాట పాడాలి, బ్యాండువాడు పెండ్లిలో ఎవరు ఏ పాట అడిగితే అది వాయిస్తాడు. ఆ పాటలన్నీ సినిమావాళ్లవే కదా, వాటికి హక్కుదారులు లేరా అని అల్లుడు అడిగాడు. హక్కుదారులు ఉన్నారు, అయితే 1957 నాటి కాపీరైటు చట్టం మతకర్మల్లోనూ పెండ్లి ఊరేగింపుల్లోనూ జరిగే వాదనాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. ఎన్నో చట్టాల దృష్టికి ఆనని బ్యాండువాడి మీద ఈ చట్టం మాత్రం, ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే, దయ చూపింది.

మరొక చట్టం అంత దయగలది కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు మోగించరాదు. 2010 సవరణతో వాద్యాలకూ ఆ నిషేధం వర్తించింది. తెలంగాణ బరాతు మొదలయ్యేదే భోజనాల తరువాత. పోలీసు జీపు వచ్చినప్పుడు పెండ్లివారు పందిట్లోకి జారుకుంటారు, వీధిలో మిగిలేది కోటు తొడిగిన మేళమే. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు మేస్త్రులు సంతోషించారు. ఆ సంతోషం గడియారం పది కొట్టేదాకానే.

ఈ దశలో అల్లుడు జేబులోంచి ఒక కాగితం తీశాడు. అది పెండ్లివారితో చేసుకోవలసిన ఒప్పందపు నమూనా: రాను బండి ఖర్చు పెండ్లివారిది, అన్నం బరాతుకు ముందే, బంధువులతో పాటు అదే పందిట్లో, పది దాటితే వాయిద్యం బంద్, పెండ్లి ఆగిపోతే బయానా మేళానిదే. అసంఘటిత కార్మికుల కోసం 2021లో కేంద్రం తెరిచిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో వాద్యకారులందరి పేర్లూ నమోదు చేయించాలని అడుగున రాసి ఉంది.

మేనమామ: మొదటిదానికి అడ్డు లేదు, ఎప్పుడో రాయవలసింది. పేర్ల నమోదు రేపే మొదలుపెట్టు. పది గంటల షరతు రాస్తే మాత్రం పాలమూరులో ఒక్క పెండ్లీ దొరకదు, అవతలి మేస్త్రి రాయడు గనుక. ఇక అన్నం సంగతి. ఆఖరి బంతిలో కూర్చోబెట్టేది తీరిక లేక కాదు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న పట్టింపు వల్ల. దానిని కాగితం మీద రాసి సంతకం అడిగితే ఆ పట్టింపు పోతుందా?

మేనల్లుడు: పోదు మామా, కాని రాతలో ఉంటే అడగడానికి నోరు వస్తుంది. రాను ఖర్చు కూడా ఇన్నాళ్లూ అడగకనే రాలేదు. ఇంకొక మాట. పెండ్లి ఆగిపోతే బయానా మేళానిదని రాసుకున్నాం గదా; ఆ బయానాలో ట్రంపెటువాడికి వాటా ఎంతో, మూఢంలో తీసుకున్న అడ్వాన్సులో ఆ రాత్రికి ఎంత కొట్టివేయాలో ఈ కాగితంలో లేదు. అది పెండ్లివారితో తేలేది కాదు, నీకూ నీ మేళానికీ మధ్య తేలవలసింది.

మేస్త్రి కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివి, పది గంటల షరతును కొట్టివేసి, అన్నం షరతును ఉంచి, మేళంతో లెక్క సంగతి శ్రావణం లగ్గాలు గడిచాక పద్నాలుగు మందినీ కూర్చోబెట్టి మాట్లాడదామన్నాడు. లగ్గాలు మొదలయ్యాక మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదనీ, అడ్వాన్సు లెక్క తేలవలసింది పని లేని ఈ ఆషాఢంలోనేననీ అల్లుడు పట్టుబట్టాడు.